క్వీన్ మేరీ: విలాస ప్రయాణాల స్టీమరు సైనిక రవాణా నౌకగా మారిన చరిత్ర – తరచుగా అడిగే ప్రశ్నలు

అట్లాంటిక్ మహాసముద్రం మీద సంపన్నులను, సినీతారలను, వలస కుటుంబాలను చేరవేయడానికి 1936లో సేవలోకి వచ్చిన క్వీన్ మేరీ, నాలుగేళ్లు నిండకముందే బూడిదరంగు పూసుకుని సైనికులను మోయడం మొదలుపెట్టింది. ఆ ఓడ గురించి పాఠకులు సాధారణంగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము. యుద్ధకాలానికి సంబంధించిన సమాధానాలు మిగతావాటికన్నా పొడవుగా ఉంటాయి. శాంతికాలంలో ప్రకటనలకు పనికివచ్చిన వేగమే యుద్ధంలో ఈ ఓడకు కవచమైంది, దాని మీద తీసుకున్న కఠిన నిర్ణయాలన్నింటికీ మూలమైంది.

క్వీన్ మేరీని ఎక్కడ, ఎప్పుడు నిర్మించారు?

స్కాట్లాండ్‌లో క్లైడ్ నది ఒడ్డున ఉన్న క్లైడ్‌బ్యాంక్ పట్టణంలో, జాన్ బ్రౌన్ సంస్థ నౌకా నిర్మాణశాలలో 1930 డిసెంబరులో పని మొదలైంది. పేరు పెట్టేదాకా దానిని 534 అనే సంఖ్యతోనే పిలిచేవారు. ప్రపంచమంతటా ఆర్థికమాంద్యం ముదరడంతో 1931 డిసెంబరులో, ఓడను కట్టిస్తున్న నౌకాయాన సంస్థ కునార్డ్ పనిని నిలిపివేసింది. వేలాదిమంది కార్మికులు ఒక్కసారిగా ఉపాధి కోల్పోయారు, సగం కట్టిన ఓడ రెండేళ్లకు పైగా తుప్పు పడుతూ నిలబడిపోయింది. చివరకు బ్రిటిష్ ప్రభుత్వం అప్పు ఇవ్వడానికి ఒప్పుకుంది గానీ, కునార్డ్ సంస్థ తన పాత ప్రత్యర్థి వైట్ స్టార్‌తో విలీనం కావాలని షరతు పెట్టింది. ఆ విలీనం జరిగాక 1934 ఏప్రిల్‌లో పని మళ్లీ మొదలైంది. అదే ఏడాది సెప్టెంబరు 26న రాజు అయిదవ జార్జి సమక్షంలో రాణి మేరీ ఓడను నీటిలోకి ప్రవేశపెట్టారు. తొలి ప్రయాణం 1936 మే 27న సౌతాంప్టన్ రేవు నుంచి, ఫ్రాన్స్‌లోని షెర్బూర్గ్ మీదుగా, న్యూయార్క్‌కు సాగింది.

వేరే పేరు అనుకున్నారన్న కథ నిజమేనా?

"ఇంగ్లండు కన్న అత్యంత గొప్ప రాణి పేరు పెట్టుకుంటాము" అని సంస్థవారు విక్టోరియా రాణిని మనసులో పెట్టుకుని రాజును అడిగారనీ, "నా భార్య ఎంతో సంతోషిస్తుంది" అని ఆయన బదులిచ్చారనీ ఒక కథ ఉంది. చెప్పుకోవడానికి బాగుంటుంది కానీ చరిత్రకారులు ఎక్కువమంది దానిని నమ్మరు.

ఒక ప్రయాణికుల ఓడకు అంత వేగం ఎందుకు అవసరమైంది?

గొప్ప కోసమే అని చాలామంది అనుకుంటారు. అసలు కారణం కాలపట్టికలో ఉంది. సౌతాంప్టన్ నుంచీ న్యూయార్క్ నుంచీ ప్రతి వారం ఒక ఓడ బయలుదేరేలా చూడటానికి కునార్డ్ సంస్థ అంతవరకు మూడు ఓడలను నడిపేది. రెండే ఓడలతో అదే సేవ నడపగలిగితే సిబ్బంది జీతాలూ, రేవు ఖర్చులూ, మరమ్మతులూ గణనీయంగా తగ్గుతాయి. అయితే అందుకు ప్రతి ఓడా దాదాపు 28.5 నాట్ల వేగాన్ని, అంటే గంటకు సుమారు 53 కిలోమీటర్లను, రోజుల తరబడి తుపానుల్లోనూ నిలబెట్టుకోవాలి. అంత వేగానికి భారీ ఇంజన్లు కావాలి. వాటికి పెద్ద ఓడ కావాలి. ఆ పెద్ద ఓడ గిట్టుబాటు కావాలంటే రెండువేలకు పైగా ప్రయాణికులు ఎక్కాలి. ఈ లెక్కలో పుట్టినవే క్వీన్ మేరీ, దాని జంట ఓడ క్వీన్ ఎలిజబెత్.

దాని పరిమాణం, ఇంజన్ల సామర్థ్యం ఎంత?

ఓడ పొడవు దాదాపు 311 మీటర్లు. మన రైలు పెట్టెలను పదమూడింటిని వరుసగా పెడితే ఇంచుమించు అంత అవుతుంది. వెడల్పు 36 మీటర్లు. స్థూల టన్నేజీ (ఓడ లోపలి మొత్తం చోటును తెలిపే కొలత) మొదట్లో 80,774 ఉండి, తర్వాతి మార్పులతో 81 వేలు దాటింది. ఇరవై నాలుగు బాయిలర్లలో చమురును మండించి పుట్టించిన ఆవిరి నాలుగు టర్బైన్ల సముదాయాలను తిప్పేది, ఒక్కో సముదాయం ఒక్కో ప్రొపెల్లరును తిప్పేది. మొత్తం శక్తి సుమారు 1,60,000 అశ్వశక్తి. పూర్తి వేగంలో రోజుకు దాదాపు వెయ్యి టన్నుల చమురు ఖర్చయ్యేది. శాంతికాలంలో రెండువేల నూటికి పైగా ప్రయాణికులకు, దాదాపు 1,100 మంది సిబ్బందికి చోటుండేది.

బ్లూ రిబాండ్ గౌరవాన్ని ఇది ఎప్పుడు గెలిచింది?

అట్లాంటిక్‌ను అత్యధిక సగటు వేగంతో దాటిన ప్రయాణికుల ఓడకు దక్కే ఆ గౌరవాన్ని క్వీన్ మేరీ 1936 ఆగస్టులో ఫ్రెంచి ఓడ నార్మండీ నుంచి గెలుచుకుంది. మరుసటి ఏడాది నార్మండీ దానిని తిరిగి దక్కించుకుంది. 1938లో క్వీన్ మేరీ పడమటి దిశలో 30.99 నాట్లు, తూర్పు దిశలో 31.69 నాట్లు సగటున నడిచి మళ్లీ గెలిచింది. 1952లో యునైటెడ్ స్టేట్స్ అనే అమెరికన్ ఓడ వచ్చేదాకా ఆ రికార్డు చెక్కుచెదరలేదు.

రెండవ ప్రపంచయుద్ధం మొదలైనప్పుడు ఓడ ఎక్కడ ఉంది?

నడిసముద్రంలో ఉంది. 1939 ఆగస్టు 30న ఐరోపా నుంచి బయటపడాలనుకున్నవారితో కిక్కిరిసి సౌతాంప్టన్ నుంచి బయలుదేరి, దారిలో ఉండగా బ్రిటన్ యుద్ధం ప్రకటించింది. దీపాలు బయటికి కనిపించకుండా చేసుకుని సెప్టెంబరు 4న న్యూయార్క్ చేరి, తర్వాత ఆరు నెలలకు పైగా అక్కడే లంగరు వేసుకుని ఉండిపోయింది. పక్కనే నార్మండీ ఉండేది. 1940 మార్చిలో, ఇంకా పూర్తిగా ముస్తాబు కాని క్వీన్ ఎలిజబెత్ కూడా స్కాట్లాండ్ నుంచి రహస్యంగా వచ్చి చేరడంతో, ప్రపంచంలోని మూడు అతిపెద్ద ప్రయాణికుల ఓడలు కొన్నాళ్లు ఒకేచోట నిలిచాయి. ఆ మూడింటిలో నార్మండీ విధి విషాదకరం. సైనిక నౌకగా మారుస్తుండగా 1942 ఫిబ్రవరి 9న అదే రేవులో నిప్పంటుకుని, ఆర్పడానికి పోసిన నీటి బరువుకు అది పక్కకు ఒరిగిపోయింది. మళ్లీ ఎన్నడూ సముద్రంలోకి వెళ్లలేదు.

సైనిక రవాణాకు పనికివచ్చేలా ఏయే మార్పులు చేశారు?

నలుపు, తెలుపు, ఎరుపు రంగుల మీద బూడిదరంగు పూశారు. ఆ రంగూ, చెప్పాపెట్టకుండా రేవుల్లో కనిపించి మాయమయ్యే తీరూ కలిసి దానికి "బూడిదరంగు దెయ్యం" అనే మారుపేరు తెచ్చాయి. 1940 మార్చిలో న్యూయార్క్ వదిలి, దక్షిణాఫ్రికా చుట్టూ తిరిగి సిడ్నీ చేరాక అసలు మార్పు జరిగింది. తివాచీలు, ఖరీదైన కుర్చీలు, బల్లలు, పింగాణీ పాత్రలు, వెండి సామాను తీసివేసి గోదాముల్లో భద్రపరిచారు. గదుల్లో అంతస్తుల పడకలు బిగించారు. అయస్కాంత మందుపాతరలను ప్రేరేపించకుండా ఓడ చుట్టూ విద్యుత్ తీగల పట్టీ అమర్చారు. విమానాలను ఎదుర్కొనే తుపాకులను క్రమంగా పెంచుతూ పోయారు. మొదట అయిదువేల మందికి సరిపడా చేసిన ఏర్పాటును 1942 ఆరంభంలో బోస్టన్‌లో ఎనిమిదివేలు దాటించారు. అదే ఏడాది వేసవికి అది పదిహేనువేలకు చేరింది.

ఈ ఓడ భారతదేశానికి వచ్చిందా?

వచ్చింది. మొదటి సైనిక ప్రయాణం 1940 మేలో సిడ్నీ నుంచి ఆస్ట్రేలియన్, న్యూజీలాండ్ దళాలను మోసిన పెద్ద ఓడల బృందంలో భాగంగా స్కాట్లాండ్‌లోని గూరాక్ వరకు సాగింది. ఆ తర్వాత ఓడకు హిందూమహాసముద్రంలో పని పడింది. 1940 అక్టోబరులో సిడ్నీ నుంచి ఆస్ట్రేలియన్ పటాలాలను ఎక్కించుకుని బొంబాయికి వచ్చింది. ఎర్రసముద్రపు ఒడ్డున మసావా రేవు అప్పటికి ఇటలీ చేతుల్లో ఉన్నందువల్ల అంత విలువైన ఓడను సూయజ్ దాకా పంపడానికి అధికారులు సాహసించలేదు. సైనికులను బొంబాయిలో దించి, కొందరిని నాసిక్ దగ్గరి దేవ్‌లాలీ శిబిరంలో ఉంచి, తర్వాత చిన్న ఓడలలో పశ్చిమాసియాకు చేరవేశారు. 1941 ఏప్రిల్‌లో మసావా బ్రిటిష్ పక్షం వశమయ్యాక క్వీన్ మేరీ నేరుగా సూయజ్ వెళ్లసాగింది. దారిలో చమురు నింపుకోవడానికి సింహళంలోని ట్రింకోమలీలో ఆగేది.

ఆ ప్రయాణాలు సైనికులకు సుఖంగా సాగలేదు. ఉత్తర అట్లాంటిక్ చలికి తగినట్టు కట్టిన ఓడ అది. ఎంపిక చేసిన కొన్ని గదుల్లో తప్ప చల్లదనపు ఏర్పాట్లు లేవు. భూమధ్యరేఖ దగ్గర దిగువ డెక్కుల్లో వేడి భరించరానిదిగా ఉండేది.

1941 ఫిబ్రవరిలో ఓడ సింగపూర్‌కు చేసిన ప్రయాణాన్ని ప్రత్యేకంగా గుర్తుచేసుకోవాలి. ఆస్ట్రేలియా ఎనిమిదవ డివిజనుకు చెందిన ఒక బ్రిగేడును అది సురక్షితంగా అక్కడ దించింది. దాదాపు ఏడాదికి సింగపూర్ జపాన్ వశమైంది, బతికిన సైనికులలో అత్యధికులు యుద్ధఖైదీలయ్యారు. ఓడ తన పని లోపం లేకుండా చేసింది కాబట్టి గణాంకాల్లో ఇది విజయవంతమైన ప్రయాణంగానే నమోదవుతుంది.

రక్షణ నౌకలు లేకుండా ఒంటరిగా ఎందుకు ప్రయాణించేది?

సాధారణ సరుకు ఓడలు గుంపుగా, యుద్ధనౌకల కాపలాలో వెళ్లేవి. గుంపు వేగం అందులోని అతి నెమ్మదైన ఓడ వేగాన్ని మించదు. క్వీన్ మేరీని అలాంటి గుంపులో చేర్చితే దానికున్న ఒకే ఒక ఆయుధాన్ని తీసేసినట్టే. ఆనాటి జర్మన్ జలాంతర్గామి నీటిపైన 17, 18 నాట్లు, నీటిలో మునిగి 7, 8 నాట్లు మాత్రమే పోగలిగేది. 28 నాట్లతో పోయే ఓడను అది వెనకనుంచి తరిమి పట్టుకోవడం జరగని పని. ముందుగానే సరైన చోట కాచుకుని ఉంటేనే అవకాశం దొరుకుతుంది. ఆ అవకాశాన్ని కూడా తగ్గించడానికి ప్రతి ప్రయాణానికీ మార్గాన్ని మార్చేవారు, బయలుదేరే వేళను గోప్యంగా ఉంచేవారు. ఓడ కొన్ని నిమిషాలకొకసారి, ముందే నిర్ణయించిన పట్టిక ప్రకారం, కుడికీ ఎడమకీ మలుపులు తిరుగుతూ వంకరటింకరగా నడిచేది. నడిసముద్రంలో దానితో సమానంగా పరుగెత్తుతూ ఎక్కువదూరం తోడు రాగల యుద్ధనౌకలు చాలా తక్కువ. శత్రువిమానాలు చేరగల తీరప్రాంతాల్లో మాత్రమే క్రూయిజర్లు, డిస్ట్రాయర్లు వచ్చి కలిసేవి.

ఒకే ప్రయాణంలో అత్యధికంగా ఎంతమందిని మోసింది?

1943 జూలై 25న న్యూయార్క్ నుంచి గూరాక్‌కు బయలుదేరినప్పుడు 15,740 మంది సైనికులు, 943 మంది సిబ్బంది, మొత్తం 16,683 మంది ఓడలో ఉన్నారు. ఒకే ఓడలో ప్రయాణించిన మనుషుల సంఖ్యలో ఇది నేటికీ రికార్డు. అంతకు ఏడాది ముందు, 1942 ఆగస్టు తొలివారంలో, అమెరికా మొదటి పదాతిదళ డివిజనుకు చెందిన పదిహేనువేల మందికి పైగా సైనికులను ఒక్క విడతలో అట్లాంటిక్ దాటించింది.

అంతమంది అందులో ఎలా పట్టారు?

వంతులవారీగా పట్టారు. ఇనుప చట్రాలకు బిగించిన కాన్వాసు పడకలు అయిదారు అంతస్తులుగా, ఖాళీచేసిన ఈతకొలనుతో సహా దొరికిన ప్రతిచోటా ఉండేవి. అవీ చాలక, ఒకే పడకను ఒకరి తర్వాత ఒకరు వాడుకునేవారు, వేసవిలో వేలమంది పైడెక్కు మీదే పడుకునేవారు. జనమంతా ఒకవైపుకు చేరితే ఓడ ఒరిగే ప్రమాదం ఉన్నందువల్ల దానిని ఎరుపు, తెలుపు, నీలం మండలాలుగా విభజించి, ప్రతివారికీ తమ మండలం రంగు బిళ్ల ఇచ్చేవారు. ఆ మండలం దాటి అడుగు పెట్టడం నిషిద్ధం. భోజనం రోజుకు రెండుసార్లే. అదీ విడతలు విడతలుగా వడ్డిస్తుంటే వంటశాలలు రోజంతా పనిచేసేవి. ప్రాణరక్షక జాకెట్టును ఎక్కడికి వెళ్లినా వెంట ఉంచుకోవాలి. అయిదారు రోజుల్లో అవతలి తీరం వచ్చేది కాబట్టే ఈ కిక్కిరిసిన బతుకు సాధ్యమైంది. ఇక్కడ కూడా అక్కరకు వచ్చింది వేగమే.

పదిహేనువేల మందికి సరిపడా లైఫ్‌బోట్లు ఉండేవా?

ఉండేవి కావు. ఇది దాచిన విషయం కాదు, తెలిసే తీసుకున్న నిర్ణయం. చర్చిల్ తర్వాత రాసిన వివరణ ప్రకారం, రెండు క్వీన్ ఓడలలో ఎంతమందిని ఎక్కించాలన్న చర్చ అమెరికా సైన్యాధిపతి జనరల్ మార్షల్‌తో జరిగింది. పడవలూ తెప్పలూ సుమారు ఎనిమిదివేల మందికి సరిపోతాయి. ఆ లెక్కను పక్కన పెడితే ఓడ పదహారువేల మందిని మోయగలదు. అసలైన సైనిక చర్య జరుగుతున్నప్పుడైతే ఆ ప్రమాదానికి ఒప్పుకుంటామనీ, మామూలు రవాణాకైతే ఎంతవరకు సాహసించాలో అమెరికన్లే తేల్చుకోవాలనీ చర్చిల్ చెప్పారు. వారు నిండా ఎక్కించడానికే నిర్ణయించారు. ఆ పందెం నెగ్గింది కాబట్టి ఈ రోజు దానిని దూరదృష్టి అంటున్నాము. ఒక్క టార్పెడో తగిలి ఉంటే అదే నిర్ణయానికి మరో పేరు వచ్చి ఉండేది.

కురసోవా యుద్ధనౌకను ఢీకొన్న ప్రమాదం ఎలా జరిగింది?

1942 అక్టోబరు 2 మధ్యాహ్నం, దాదాపు పదివేలమంది అమెరికన్ సైనికులతో క్లైడ్ నదీముఖం వైపు వస్తున్న క్వీన్ మేరీకి, ఐర్లండ్ ఉత్తర తీరం దగ్గర, కురసోవా అనే పాత బ్రిటిష్ క్రూయిజరు విమాన దాడుల నుంచి రక్షణగా వచ్చి కలిసింది. క్వీన్ మేరీ 28.5 నాట్లతో వంకరటింకరగా నడుస్తోంది. అంత వేగం లేని కురసోవా సుమారు 25 నాట్లతో ఒకే దిశలో నేరుగా వెళుతోంది. వంపులు తిరుగుతున్నా పెద్ద ఓడ క్రమంగా చిన్న ఓడను సమీపించింది. రెండు నౌకల అధిపతులూ సముద్ర నియమాలను వేర్వేరుగా అర్థం చేసుకున్నారు. రక్షణ నౌకే తప్పుకుంటుందని క్వీన్ మేరీ కెప్టెన్ ఇల్లింగ్‌వర్త్ భావించారు. వెనకనుంచి దాటివెళ్లే ఓడే తప్పుకోవాలని కురసోవా కెప్టెన్ బౌట్‌వుడ్ భావించారు. మధ్యాహ్నం రెండుంబావు ప్రాంతంలో క్వీన్ మేరీ ముందుభాగం నాలుగువేల టన్నుల క్రూయిజరును రెండు ముక్కలుగా కోసుకుంటూ వెళ్లిపోయింది. దిగువ డెక్కుల్లో ఉన్న సైనికులలో చాలామందికి చిన్న కుదుపు మాత్రమే తెలిసింది.

క్వీన్ మేరీ ఆగలేదు. జలాంతర్గాములు తిరిగే నీటిలో ఏ కారణంతోనూ ఆగరాదని దానికి ఆజ్ఞ ఉంది. ఆగితే పదివేల ప్రాణాలు ప్రమాదంలో పడతాయి. దూరంగా ఉన్న డిస్ట్రాయర్లకు కబురు పంపి, చితికిన ముందుభాగంతో వేగం తగ్గించుకుని ముందుకు సాగింది. ఆ డిస్ట్రాయర్లు చేరేలోపు కురసోవా నావికులలో అత్యధికులు చనిపోయారు. మృతులు 337 మంది; కెప్టెన్ బౌట్‌వుడ్‌తో సహా 101 మంది బతికారు. యుద్ధం ముగిసేదాకా ఈ వార్త బయటికి రాలేదు. నష్టపరిహారం కోసం నౌకాదళ శాఖ కునార్డ్ మీద వేసిన దావాలో, 1947లో మొదటి న్యాయస్థానం తప్పు పూర్తిగా కురసోవాదేనని తీర్పిచ్చింది. అప్పీలు న్యాయస్థానం తప్పులో మూడింట రెండు వంతులు నౌకాదళానికీ, ఒక వంతు క్వీన్ మేరీకీ పంచింది. 1949లో, అప్పట్లో బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానంగా ఉన్న ప్రభువుల సభ ఆ పంపకాన్నే ఖాయం చేసింది. విధిరాత అని వదిలేయదగిన ఘటన కాదిది: ఒకే నీటిలో నడుస్తున్న ఇద్దరు కెప్టెన్లు ఎవరు దారి ఇవ్వాలో ముందుగా మాట్లాడుకోలేదు.

పెద్ద అల తాకి ఓడ బోల్తాపడబోయిందా? హిట్లర్ బహుమతి ప్రకటించాడా?

1942 డిసెంబరులో పదివేలకు పైగా సైనికులతో వస్తుండగా తుపానులో ఒక భారీ అల పక్కనుంచి కొట్టి ఓడను ప్రమాదకరంగా ఒరిగించింది. 52 డిగ్రీల వరకు ఒరిగిందనీ, ఇంకో మూడు డిగ్రీలు ఒరిగితే తలకిందులై ఉండేదనీ చెబుతారు. ఈ ఓడను ముంచినవారికి హిట్లర్ రెండున్నర లక్షల డాలర్ల విలువైన బహుమతి ప్రకటించాడన్న మాట మాత్రం జనశ్రుతిగానే తీసుకోవడం మంచిది.

చర్చిల్ ఇందులో ప్రయాణించారా?

ప్రయాణించారు. 1943 మేలో వాషింగ్టన్ సమావేశానికి, అదే ఏడాది ఆగస్టులోనూ 1944 సెప్టెంబరులోనూ క్విబెక్ సమావేశాలకు ఈ ఓడలోనే అట్లాంటిక్ దాటారు. కాగితాల మీద ఆయన పేరు కల్నల్ వార్డెన్. 1943 మేలో ఆయన పైఅంతస్తులో యుద్ధ వ్యూహాలు చర్చిస్తుంటే, అదే ఓడ దిగువ భాగంలో వేలమంది జర్మన్ ఖైదీలు అమెరికాకు తరలుతున్నారు.

యుద్ధం ముగిశాక ఏం చేసింది?

వెళ్లినవారిని వెనక్కి తెచ్చింది. 1945 జూన్ 20న పద్నాలుగువేలకు పైగా అమెరికన్ సైనికులతో న్యూయార్క్ రేవులోకి వచ్చినప్పటి ఛాయాచిత్రాలు నేటికీ కనిపిస్తుంటాయి. 1946 ఫిబ్రవరి నుంచి, బ్రిటన్‌లో ఉండగా అమెరికన్, కెనడియన్ సైనికులు పెళ్లాడిన యువతులనూ వారి పసిపిల్లలనూ చేరవేసింది. యుద్ధకాలం మొత్తంలో అది దాదాపు ఎనిమిది లక్షలమందిని మోసిందని లెక్క. తర్వాత పది నెలల పాటు సాగిన మరమ్మతుల్లో గోదాముల నుంచి పాత సామానంతా తిరిగి వచ్చింది. 1947 జూలై 31న ఓడ మళ్లీ ప్రయాణికుల సేవలో ప్రవేశించింది. క్వీన్ ఎలిజబెత్ కూడా జతకలవడంతో, 1930లో అనుకున్న రెండు ఓడల వారపు సేవ ఎట్టకేలకు అమలైంది.

అంత వేగమైన ఓడను ఎందుకు మానుకున్నారు?

1958లో అట్లాంటిక్ మీద జెట్ విమానాలు మొదలయ్యాయి. అయిదు రోజుల దూరం కొన్ని గంటలకు కుదించుకుపోయింది. 1960లలో కొన్ని చలికాలపు ప్రయాణాల్లో ప్రయాణికులకన్నా సిబ్బందే ఎక్కువగా ఉండేవారు. 1967లో కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్ నగరం దానిని 34.5 లక్షల డాలర్లకు కొనుక్కుంది. అక్టోబరు 31న సౌతాంప్టన్ వదిలి, పనామా కాలువలో పట్టనంత వెడల్పు కావడంతో దక్షిణ అమెరికా కొనను చుట్టి, డిసెంబరు 9న లాంగ్ బీచ్ చేరింది.

ఇప్పుడు చూడవచ్చా?

చూడవచ్చు. లాంగ్ బీచ్‌లో అది హోటలుగా, ప్రదర్శనశాలగా నిలిచి ఉంది. 2020లో మహమ్మారి వల్ల మూతపడి, నగరపాలక సంస్థ నిర్వహణలోకి వచ్చి, మరమ్మతుల తర్వాత 2023లో తిరిగి తెరుచుకుంది. బాయిలర్లను తొలగించారు కాబట్టి స్వయంగా కదలలేదు. ఒక ఇంజను గదిని, నీటిలోనే ఉంచిన ఒక ప్రొపెల్లరును మాత్రం సందర్శకులు చూడవచ్చు.

క్వీన్ మేరీ 2 కూడా ఇదేనా?

కాదు. అది ఫ్రాన్స్‌లోని సాన్ నజేర్‌లో కట్టి 2004లో ప్రవేశపెట్టిన వేరే ఓడ. 345 మీటర్ల పొడవున్న ఆ ఓడ ఆవిరితో కాకుండా డీజిల్ ఇంజన్లతో, గ్యాస్ టర్బైన్లతో నడుస్తుంది. 2006 ఫిబ్రవరిలో లాంగ్ బీచ్ దగ్గరికి వచ్చి పాత ఓడతో ఈలలు కలిపింది.